మూడో తీగ

కాశీబుగ్గలో పొగను నమ్మడానికి లేదు.
పొద్దున్న లేస్తే జీడిపిక్కల పొగ
బట్టీల మీంచి దిగొచ్చి
వీధి అరుగుల మీద కూచుంటుంది.
అందుకే దాలయ్య
ఉతికిన తెల్ల తుండుగుడ్డ ఒకటి పట్టుకుని
మా అంబాసిడర్ పొగగొట్టం దగ్గర
గొంతుక్కూచున్నాడు.

"ఎన్నాళ్లయింది బావూ, దగ్గు మొదలై?"

నలుగురం నాలుగు లెక్కలు చెప్పాం.
పెళ్లిళ్ల సీజను నుంచని ఢిల్లేశు,
హరిపురం దాటాక ఎత్తు ఎక్కలేక
ఏడ్చిన రాత్రి నుంచని ధనుంజయ,
కొన్నరోజు నుంచీ అని బైరాగి.
నేను పుస్తకం తిరగేశాను:
ఫిబ్రవరిలో ఆయిలు లీటరు,
మార్చిలో రెండు,
ఏప్రిల్లో రాయడం మానేశాను.

"నల్ల పొగయితే తిండెక్కువయినట్టు.
తెల్లగొచ్చి ఆగకపోతే
నీల్లెక్కడో లోపలికి దిగినట్టు.
నీలంగుంటే..."
గుడ్డ తిప్పి చూపించాడు.
పోపు చిట్లినట్టు నూనె చుక్కలు.
"ఒంట్లో నూనే కాల్చుకు తినీసింది."

బండి స్టార్టులోనే ఉంది.
నాలుగు రోకళ్లు పడాల్సిన రోట్లో
మూడే పడుతున్నాయి.
మూడు దెబ్బలు, ఒక ఖాళీ,
మూడు దెబ్బలు, ఒక ఖాళీ.
"ఏ రోకలో సూద్దాం," అని
సైకిలు ట్యూబు చుట్టిన కటింగ్ ప్లేయరు తీశాడు.

మొదటి ప్లగ్గు తీగ లాగాడు.
మోకాలు విరిగినట్టు కుంగింది ఇంజను.
తగిలించాడు, లేచింది.
రెండోది.
మడ్‌గార్డు మీది టీగ్లాసు
వణుక్కుంటూ అంచుదాకా వచ్చింది.
మూడోది లాగాడు.

ఏమీ కాలేదు.
అదే చప్పుడు, అదే కుంటు.
టీ మీద మీగడ కూడా కదల్లేదు.

నాలుగోది లాగి చూడక్కర్లేదు గానీ
న్యాయానికి అదీ లాగాడు. కుంగింది.

మళ్లీ మూడో తీగ పట్టుకుని గాల్లో ఊపుతూ
"ఇదుండీ ఒకటే, లేకపోయీ ఒకటే,"
అన్నాడు దాలయ్య.

ఎవరూ నావైపు చూళ్లేదు.
చూసినా తప్పులేదు.
తలా పదకొండు వేలు వేసుకుని కొన్నాం.
ఢిల్లేశు నడుపుతాడు.
మందస, మందస, మందస అంటూ
బస్సుల కంటే ముందే గొంతు చించుకుంటాడు ధనుంజయ.
బైరాగి టైర్లు మారుస్తాడు,
ఆగిపోతే తోస్తాడు,
ఖాకీ కనిపిస్తే దండం పెడతాడు.
నేను ముందు సీట్లో నీడపట్టున కూచుని
రూళ్లకర్రతో గీతలు గీస్తాను.
ఆ చోట్లో ఇంకొకరిని ఎక్కించుకుంటే
ట్రిప్పుకి ఏడు రూపాయలు.
ఆ ఏడు రూపాయలు
ఏ కాలమ్‌లోనూ రాయలేదు నేను.

ప్లగ్గు విప్పితే
చమురులో ముంచి తీసిన వత్తిలా ఉంది.
కన్నంలో చెంచాడు ఆయిలు పోసి
మీటరు పెట్టి తిప్పాడు.
పడుకున్న ముల్లు లేచి నిలబడింది.
"రింగులే. నూనె పోసినా లెగకపోతే
వాల్వులనుకుందుం.
ఇంజనిప్పాలి. మూడువేలు సూసుకోండి."

నలుగురం నేలచూపులు చూశాం.
జీడిపిక్కల సీజను అయ్యాక, అన్నాడు ఢిల్లేశు,
గట్టిగా కాదు.

దాలయ్య ఇంకేం అనలేదు.
పెట్రోల్లో కడిగి, వైరుబ్రష్షుతో మసి గీకి,
విరిగిన ఆక్సాబ్లేడు ముక్కతో సందు కొలిచి
ప్లగ్గు బిగించాడు.
"నాలుగ్రోజులు పలుకుతాది.
తరవాత నన్నడక్కండి."

తీగ తగిలింది.
నాలుగు రోకళ్లూ పడ్డాయి.
పైపులోంచి నీలం మాత్రం అలాగే,
సన్నగా, సిగ్గులేకుండా.

నాలుగ్రోజులు కాదు,
రెండోరోజు సాయంత్రమే
రైలుగేటు దాటుతుండగా ఆగిపోయింది.
లోపల తొమ్మిదిమంది,
వెనక ఉప్పులారీ హారన్.
ఢిల్లేశు అలవాటుగా
అద్దంలో బైరాగిని వెతికాడు.

అప్పటికే నేను దిగి
డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాను.
రేకు కాలుతోంది.
నా ఖాళీలోకి జరిగి,
జీడిపాలకి వేళ్లు నల్లబడ్డ ఆవిడొకావిడ
లెక్కల పుస్తకం మీదే
సర్దుకుని కూచుంది.