కుండకు కొత్త మూత

మూడో గాలిమర ఇంకో వంపు దూరం ఉందనంగా
జీపు కింద టంగుమనింది.
రాయి చప్పుడు నాకు కొత్త కాదు.
పందొమ్మిదేండ్లుగా ఈ గుట్టకూ నాకూ మాటలు జరుగుతానే ఉండాయి.
ఇది మాట కాదు, తిట్టు.

దిగి పండుకొని చూస్తే
వెనక ఇరుసు నడిమి కుండకు
కంపెనీ పెట్టి పంపిన రేకు మూత
సొట్టపడి, అంచు చీలి,
తొంబై నెంబరు ఆయిలు
ఎర్రమట్టి మీదికి నల్లగా, నింపాదిగా.
బొట్టుకూ బొట్టుకూ నడుమ ఒక బీడీ దమ్ము సందు.

వన్నూరమ్మ పానాల సంచి దించి, మట్టి వేలితో తీసి వాసన చూసింది.
"పైన మరలో ఉండేది గూడ ఇదే కంపు అన్నా" అనింది.
ఎనబై మీటర్ల ఎత్తున ఆమె రోజూ తుడిచే పండ్లచక్రాలకు
నా సీటు కిందనే తిరిగే, నేనెన్నడూ చూడని పండ్లచక్రాలకు
చుట్టరికం ఉందని ఆ పొద్దు తెలిసింది.
చీలికలో బట్టల సబ్బు కూరింది ఆమే.

ఉరవకొండలో ఫకీరప్ప షెడ్డు.
పది బోల్టులు. తొమ్మిది వచ్చినాయి.
పదోదాన్ని బతిమాలినాడు,
కిరసనాయిలు తాపినాడు,
ఆఖరికి కొట్టినాడు.
అడుగు బిరడా అయస్కాంతానికి
మెరిసే గడ్డం మొలిచింది, ఇనప పొడి.
నా అరచేతిలో రాసి "ఇంద, నీ పందొమ్మిదేండ్లు" అన్నాడు.

"వంపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ నడవాల,
లోపలిది తక్కువ నడవాల.
ఇద్దరికీ తగువు రాకుండా పంచిపెట్టే పెద్దమనిషి
కూచునే ఇల్లు ఇది.
దీనికి పాపడమంత తలుపా?"

దిట్టమైన పోత మూత బెంగుళూరులో దొరుకుతాది.
తొమ్మిది వేలు.
ఫకీరప్ప నా జేబు వైపు చూడలేదు.
షెడ్డు మూలకు చూసినాడు.

ఆడ సుంకన్న డిస్కు నాగలి పళ్లెం,
పాతబాకీ కింద ఇచ్చిపోయింది.
సుంకన్న చేన్లో ఇప్పుడు నాగలి తిరగదు.
గాలిమర రెక్కల నీడ తిరుగుతాది,
మూడు సాళ్లుగా, పొద్దంతా,
ఒక్క గింజ ఏయకుండా.

పళ్లెం నడిమి భాగం కోసి,
నాలుగుపలకల చిల్లులో నట్టు అతికి,
ఆయిలు పోసే నోరు చేసినాడు.
పది చిల్లులకు మూడు డ్రిల్లు బిట్లు మింగింది ఆ ఉక్కు.
అంచుకు దప్పరేకు కట్టు వెల్డింగు చేసి
సెగ తగ్గకముందే బూడిద కుప్పలో పూడ్చినాడు.
"గాలి తగిలితే చిట్లుతాది.
వేడెక్కినదాన్ని దాని తీరున చల్లారనీయాల" అన్నాడు,
పళ్లేనికో, బిల్లెంతని మూడోసారి అడిగిన నాకో.

తెల్లారి బిగించినాం.
కార్కు, ఎర్రగమ్ము, కొత్త ఆయిలు రెండు లీటర్ల పైచిలుకు.
ఎవరు చెప్పినారో, సుంకన్న వచ్చినాడు.
మోకాళ్ల మీద వంగి, చిల్లు పక్కన మసి తుడిచినాడు.
ఉలితో కొట్టిన 'సుం' అట్లనే ఉంది.
"బాడిగకు పోతే మారుస్తారని కొట్టుకున్యా" అన్నాడు.
తర్వాత ఏమీ అనకుండా ఎక్కి వెనక సీట్లో కూచున్నాడు.
దిగమనేదానికి నాకు నోరు రాలేదు.

అదే వంపు. అదే రాయి.
నేను పక్కకు కోసినా, మన్ను జారి
మళ్లా దానిమీదికే తెచ్చింది.
ఈ తూరి చప్పుడు వేరే,
ఎండిన చేన్లో పళ్లెం
గులకరాయి మీద ఎక్కి దిగినట్టు.
వన్నూరమ్మ నా కంటే ముందే దూకి కింద టార్చి ఏసింది.

ఆయిలు లేదు. సొట్ట లేదు.
రాయికే తెల్లగా ఒక పెచ్చు లేసింది.
పళ్లెం మీద కొస నుంచి కొసకు
ఒక్క గీత, తిన్నగా, లోతు లేకుండా.

సుంకన్న దాంట్లో వేలు పెట్టి
అటు తీసి ఇటు తీసి,
"సాలు" అన్నాడు.

ఏ సాలో నేను అడగలేదు.
పైన గాలి లేసింది. గేరేసినా.