పదకొండో నంబరు స్తంభం

మెరకముడిదాం రోడ్డు మలుపులో
పదకొండో నంబరు స్తంభం నాది.
నాది అంటే,
పొద్దుగూకాక ఫ్యూజు పెట్టి
తెల్లారి పీకేది నేనే.
పంచాయితీ ఇచ్చే జీతానికి
అంతకన్నా పెద్ద మాట వాడకూడదు.

మాలయ అమాస దాటింది.
దాలినాయుడి గోగుచేనంతా
గంధం రంగు పూలు, గొంతులో నేరేడు మచ్చ.
నా స్తంభం కింద మాత్రం
గుండ్రంగా కళ్ళమంత జాగా
పువ్వు లేదు, మొగ్గ లేదు.
తోటి మొక్కలకన్నా మూరెడెత్తు పెరిగి
ఆకు మీద ఆకు వేసుకుంటూ
ఇంకా ఆషాఢంలోనే ఉంది.

"ఏటి సేసినావురా నా సేనుకి?"
నేనేటి సేసాను?
దీపమేసాను.

స్కూటీ దిగి వచ్చింది వ్యవసాయం ఆఫీసు హిమజమ్మ.
ఒక ఆకు తిప్పి చూసింది,
తలెత్తి దీపాన్ని చూసింది.
"మొక్క పగటిని లెక్కపెట్టదు మావా,
రాత్రిని కొలుస్తాది.
తెగని చీకటి ఇన్ని గంటలని దానికో లెక్కుంది.
అంత నిండితేనే
కాలం తిరిగిందని నమ్ముతాది.
నడిరేయి కాసేపు వెలుగు పడినా
లెక్క చెదిరిపోతాది."

దాలినాయుడు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.
యాభై ఏళ్ళు గోగు కోసినవాడు.
పువ్వొస్తే కొడవలి తియ్యాలని తెలుసు,
పువ్వెందుకొస్తాదో
ఎన్నడూ అడగలేదట.
"ఆర్పీరా బాబూ" అన్నాడు, మెల్లగా.

ఆర్పొచ్చు.
కానీ పన్నెండున్నరకి
జూటుమిల్లు ఆటో ఆగేది ఆ మలుపులోనే.
నలుగురు దిగుతారు, జడల్లో నారపీచుతో.
నిరుడు శ్రావణం దాకా ఐదుగురు.
ఎర్నమ్మ కాలికింద కట్లపాముంది,
చీకట్లో తాడనుకుంది.
మిగిలిన నలుగురూ పంచాయితీ గుమ్మంలో
మూడ్రోజులు కదలకుండా కూచుంటే
వచ్చిన దీపమిది.

ఇదే గోగు రేపు నారై
వాళ్ళ చేతుల్లోకే పోతుంది.
ఆ సంగతి ఎవరికి చెప్పను?
స్తంభానికా?

నూనెడబ్బా కోసాను.
రేకు వంచి, నిచ్చెనెక్కి,
చేనువైపు దీపానికి రెప్ప కట్టాను.
వేలు తెగింది.
వెలుగు రోడ్డు మీదే పడింది, సగం రొట్టెలా.

"ఇదేటి, కన్ను కొడతందా దీపం?"
అంది ఆటో దిగి సింహాచలమ్మ.
"సేను పడుకుందప్పా" అన్నాను.
నవ్వలేదామె.
"పడుకోనీ" అంది,
"మనకెలాగూ లేదు."

చేను కోసేశారు.
కట్టలు చెరువులో ఊరుతూ
ఊరంతా ఆ వాసనే.
దాలినాయుడు నా గుండ్రటి జాగా మాత్రం ఒగ్గేశాడు,
కోపమో, జాలో.

పద్దెనిమిదో రాత్రి
గట్టు దిగి లోపలికెళ్ళాను.
ఆకుల మధ్య వేళ్ళతో వెతికాను.
ముల్లు గుచ్చుకుంది,
దాని పక్కన గట్టిగా, శనగగింజంత
ఏదో తగిలింది.
మొగ్గో, పురుగు కట్టిన గూడో.

టార్చి జేబులోనే ఉంది.
తియ్యలేదు.