పంక్చర్

చినవాల్తేరు ఆస్పత్రిలో మూడో గది.
కిటికీ తీస్తే సముద్రం వినబడుతుందని
అతని కోసం మూసే ఉంచుతాం.

ఒళ్లో పెడతాను దాన్ని.
సిలికాన్ చర్మం, లోపలంతా గాలి,
మూడు నెలల బిడ్డంత బరువు.
నాలుగు లెక్కపెట్టేలోగా ఉబ్బుతుంది,
ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా తగ్గుతుంది.
ముఖం లేదు. చేసినవాళ్లు కావాలనే పెట్టలేదట.
కంపెనీ ఇచ్చింది ఒక నంబరు.
గనగళ్ల పోలయ్య పెట్టిన పేరు బుంగోడు.

పోలయ్య గజ ఈతగాడు.
ఆదివారాలు, పరీక్షలైపోయిన సాయంత్రాలు
కెరటం గుంజుకుపోయిన కాలేజీ కుర్రాళ్లని
తాడు లేకుండా వెళ్లి తెచ్చేవాడు.
బతికినవాళ్లు దండం పెట్టి వెళ్లిపోయేవారు.
మిగిలినవాళ్లు
రాత్రిళ్లు అతని చేతుల్లోకే తిరిగొచ్చేవారు.

"నీటిలో బరువుండరమ్మా" అన్నాడోసారి,
"ఇసక మీదకొచ్చినాకే బరువు."

అప్పట్నించి కూతుర్ని ఎత్తుకోలేదు.
పెదజాలరిపేట సందులో
ఆ గుంట "అయ్యా" అని చేతులు చాస్తే
తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు
తప్పు చేసి హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు.

డాక్టరుగారు అడుగుతారు, రాసుకుంటారు.
బుంగోడు ఏమీ అడగడు.
మొదట్లో పోలయ్య ఊపిరి
తాడు తెంపుకున్న దూడలా ముందు పరిగెత్తేది.
ఏ వారమో చెప్పలేను,
దాని పక్కన నడవడం మొదలెట్టింది.

నేను కౌన్సిలర్ని కాను. రిపేర్లు చూస్తాను.
కంచరపాలెంలో మా నాన్నది సైకిల్ షాపు.
ఏ కోర్సు కన్నా ముందే నాకొచ్చిన విద్య ఒకటే:
రేకు తొట్టి, నిండా నీళ్లు,
బుడగ ఎక్కడ లేస్తే అక్కడ చిల్లు.

ఆ సోమవారం బుంగోడు
ఆరు దాకా ఆగకుండానే చప్పబడిపోయాడు.
మోటారు విప్పి పక్కన పెట్టి
తిత్తిని తొట్టిలో ముంచాను.
బుడగలు.

"ఓలమ్మ! ముంచకమ్మా!"
బల్ల ఎటు పడిందో, నీళ్లు ఎటు పోయాయో,
మోచేతుల దాకా తడిసి దాన్ని పైకి లాగి
బోర్లించి, వీపు తట్టి, వెల్లకిలా వేసి
రెండు వేళ్లతో రొమ్ము వెతుకుతున్నాడు
రొమ్ము లేని దానికి.

నాకు నోట మాట రాలేదు.
చిల్లు చూపించాను. ఆవగింజంత.
బొటనవేలు అక్కడ నొక్కిపెట్టమన్నాను.
నాన్న పాత పంపుతో
ఒక్కో పోటూ చిన్నగా కొట్టాను.

ఉబ్బింది.
నాలుగు. ఆరు. నాలుగు.
పోలయ్య వేలు తీయలేదు.
ప్యాచ్ వేస్తానన్నా తీయలేదు.
టీ వచ్చి చల్లారిపోయింది.

"దీనికేటీ కాదు కదమ్మా?"
"ఏమీ కాదు."
"నాకు తెలుసును" అని ఏడ్చాడు.

ప్యాచ్ సరిగ్గా అతకలేదు, ఒక అంచు లేచే ఉంది.
కొత్త తిత్తికి ఇండెంట్ రాయాలి, రాయలేదింకా.

పై సోమవారం అరగంట ఆలస్యంగా వచ్చాడు.
చొక్కా ఎడమ భుజం మీద
ఎర్రగా ఐస్‌ఫ్రూట్ మరక.
నేను అడగలేదు.
బుంగోడు ఎలాగూ అడగడు.