నలభై ఒకటో ట్రిప్పు

సున్నాకి కింద ముప్పై ఒక్క డిగ్రీలు.
ఇంత చలిలో పెన్ను రాయదు, సిరా గడ్డకడుతుంది.
అందుకే మొదటినుంచీ పెన్సిలే వాడాను.

చొయ్‌జిల్ బొగ్గు లారీ తోలేవాడు,
గోబీ గని నుంచి సరిహద్దు దాకా, మళ్ళీ ఖాళీగా వెనక్కి.
సిగ్నల్ దొరికిన చోట ఆగి ఫోన్ చేసేవాడు.
ముచ్చట్లకేం కాదు. "పద్నాలుగోది అయింది, రాసుకో."
పిల్లాడి పాత లెక్కల పుస్తకం, వెనక పేజీల్లో
తేదీ, టన్నులు, వరసలో ఎన్ని రోజులు ఆగాడో.
ఒకచోట పక్కన "దగ్గు" అని ఉంటుంది.
ఇంకోచోట "చేతి తొడుగులు పోగొట్టాడట, తిట్టాను."

నలభై ఒకటోది రాసుకోమని ఫోన్ రాలేదు.
నాలుగు రోజులుగా కదలని వరసలో
క్యాబిన్‌లో చిన్న పొయ్యి వెలిగించుకుని పడుకున్నాడు.
అద్దాలు బిగించి ఉన్నాయి.
వెనక లారీ నిండా బొగ్గు.
మనిషికి గుప్పెడు చాలింది.

పరిహారం అడగడానికి వెళితే
కంపెనీ గుమస్తా తెర నావైపు తిప్పి చూపించాడు, మర్యాదగానే.
ఆ ఏడాది మీ ఆయన వేసినవి ఇరవై ఆరు ట్రిప్పులు.
ఆ తేదీన ఆ నంబరు లారీ గేటు దాటనే లేదు.
మరి మా ఆయన ఎక్కడ చనిపోయినట్టు?
గుమస్తా ఆలోచించాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు.

కాకిలెక్క అంటారు గానీ
కాకి ఎంతని మోస్తుంది?
పదిహేను లారీల బొగ్గు ఏ ముక్కున కరుచుకుని పోయింది?

మా గెర్‌ల గుట్ట నుంచి ఉలాన్‌బాతర్ చౌరస్తాకి ఏడు కిలోమీటర్లు.
బొగ్గు మీద కూర్చున్న దేశం, బస్తా బొగ్గుకి క్యూ కట్టే జనం,
ఈ పొద్దు క్యూ వదిలేసి నడుస్తున్నాం.
ఊపిరి కనురెప్పల మీద మంచై పేరుకుని
ఇరవయ్యేళ్ళ పిల్లలు కూడా ముసలివాళ్ళలా ఉన్నారు.
"పేర్లు చెప్పండి!"
"ఖాతాలు తెరవండి!"
"దొంగ సంతకం పెట్టినవాడు మళ్ళీ ఓటడగకుండా చట్టం మార్చండి!"
ఒక్కో నినాదం నోట్లోంచి తెల్లగా బయటికొచ్చి
కాసేపు గాల్లో నిలబడుతోంది.

ప్రభుత్వ భవనం మెట్ల దగ్గర మైకు చచ్చిపోయింది.
బ్యాటరీని చంకలో పెట్టుకుని వెచ్చబెడుతున్నాడొక కుర్రాడు.
ఆ సందులో, ఎందుకో నాకే తెలీదు, పుస్తకం తీశాను.
"ఒకటి. తొంభై టన్నులు. మూడు రోజులు."
నా గొంతు చిన్నది. ముందు వరస వెనక్కి చెప్పింది,
వాళ్ళు ఇంకా వెనక్కి.
నా అంకెలు చౌరస్తా చివరిదాకా వెళ్ళడం విన్నాను.
"దగ్గు" అన్నాను.
వేల నోళ్ళు "దగ్గు" అన్నాయి.
"చేతి తొడుగులు పోగొట్టాడట, తిట్టాను."
ఎవరో నవ్వారు. తర్వాత అదీ చెప్పారు, పొల్లు పోకుండా.

అప్పుడు యాంజ్‌మా అనే ఆవిడ సంచిలోంచి ఒక క్యాలెండరు తీసింది,
వాళ్ళాయన ట్రిప్పులకి ఎర్ర సున్నాలు.
టైర్లకు పంక్చర్లేసే కుర్రాడి దగ్గర
సిగరెట్ పెట్టెల మీద లారీ నంబర్లు.
ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు ఇన్నాళ్ళూ.
ఎవరి దొంగతనం వాళ్ళు విడివిడిగా దాచుకున్నాం.

ఒక అధికారి మెట్లు దిగి వచ్చాడు.
"ఆ పుస్తకం ఇటివ్వండి, పరిశీలిస్తాం."
లెక్కల టీచరు దులంసురెన్ నాకు అడ్డంగా నిలబడింది.
"పెన్సిల్ రాత బాబూ. మీ దగ్గర రబ్బర్లు ఎక్కువ."
చెయ్యి చాపి కాసేపు చూసి, వెళ్ళిపోయాడు.
తలుపులు మూసుకున్నాయి.
కొందరు ఇళ్ళకి మళ్ళారు, పసిపిల్లలున్నవాళ్ళు.
తప్పు పట్టను. చలి చలే.

చీకటి పడేముందు చివరి పేజీ తెరిచాను.
ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచిన గీత మీద రాశాను:
నలభై ఒకటి. టన్నులు తెలియవు. నాలుగు రోజులు.
పక్కన ఏం రాయాలో తోచలేదు.
తొడుగు తీసిన వేళ్ళు అప్పటికే తెల్లబడ్డాయి.
దులంసురెన్ నా చెయ్యి లాక్కుని తన చంకలో పెట్టుకుని
"రేపు రాద్దువులే" అంది.