సున్నా రాసిన చోట

గుణుపురం దాటాక జీపు ఆగిపోయే చోట దిగి
నలభై రేకు పెట్టెలు, ఒక డబ్బా ఎండు నెత్తళ్ళు,
ఉపగ్రహాన్ని అడిగి దారి చెప్పే పరికరం
నేను మోసుకొస్తాను.
ముందు నడిచే ఇసిరి సబర దగ్గర
ఒక కత్తి ఉంది, అంతే.

నా ఉద్యోగం వింటే మా పిన్ని నవ్వుతుంది.
"ఎలకలకి జనాభా లెక్కలేటే?"
అవును పిన్నీ, లెక్కలే.
ఏ వాలు మీద ఎంత వాన, ఏ నెలలో ఎంత ఎండ,
గెడ్డ ఎంత దూరం, చోళ్ళ చేను ఎంత దూరం,
ఇవన్నీ మింగి కంప్యూటరు
ఎలుక ఇంకా వెళ్ళని ఊళ్ళకి కూడా
ఎలుకని ముందే పంపిస్తుంది.
కిలోమీటరుకో గడి, గడికో రంగు.
ఎరుపంటే ఉండొచ్చు.
పసుపంటే ఏమో.
తెలుపంటే లేదు.
మేం వెళ్ళకపోయినా తెలుపే.
ఆ సంగతి పటం కింద ఎవరూ రాయరు.

కార్తీకం. పోడు గట్టు మీద పొగో మంచో.
ముప్పైతొమ్మిది పెట్టెలు ఖాళీ.
నలభయ్యోది చేతికి బరువుగా తగిలింది.
గుడ్డసంచిలోకి దులిపి మెడ పట్టి చూస్తే
చెవి డొప్పలో నారింజ రంగు పొడి,
పొడి కాదు, కదులుతోంది,
ఆవగింజలో పదో వంతు లేని పురుగు పిల్లలు.
జ్వరం వాటి నోట్లో ఉంది.
ఎలుకకి ఏమీ లేదు పాపం.
అద్దెకున్నవాడి నేరానికి
ఇంటాయన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

"బొక్క ముందర సాలీడు గూడు కట్టిందా, లోపలెవులూ లేరు.
గూడు తెగి ఉందా, ఉన్నారు.
దీనికి నీ మిషనెందుకమ్మా?"
అన్నాడు ఇసిరి.
మళ్ళీ తనే,
"గింజ లేని ఊరు నువ్వు చూపించు,
ఎలక లేని ఊరు నేను చూపిస్తాను" అన్నాడు.
నేను నోటుబుక్కులో
వాలు, పడమర, ముప్పై డిగ్రీలు అని రాసుకున్నాను.

తుంబగూడలో సుంబారి కొడుకు లింబొకి
పదకొండు రోజులు జ్వరం కాసింది.
మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు.
చంక కింద బీడీ ఆర్పినట్టు నల్లటి చెక్కు.
చురక పెట్టావా అని నర్సు సుంబారిని తిట్టింది.
"కాల్చలేదమ్మా, నా గుంటణ్ణి నాను కాల్చుకుంతానా"
అని ఆమె ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి చెప్పిందట,
అడగనివాళ్ళకి కూడా.
పన్నెండో రోజు బరంపురం నుంచి వచ్చిన కుర్ర డాక్టరు
ఆ చెక్కు చూసి మాట్లాడకుండా మాత్రలు రాశాడు.
బస్సు టిక్కెట్టు కంటే చవకైన మాత్రలు.

ఆ రాత్రి నేను పటం తెరిచాను.
తుంబగూడ గడి మల్లెపువ్వంత తెల్లగా ఉంది.
రెండేళ్ళ కింద, శ్రావణంలో, గెడ్డ పొంగి
జీపు ఇవతలే ఆగిపోయిన రోజు
సాయంత్రానికి కాగితం నింపాలి కాబట్టి
ఎవరో అక్కడ సున్నా వేశారు.
సున్నా కింద తోక ఎడమకి తిరిగి ఉంటుంది.
నేనొక్కదాన్నే అలా వేస్తాను.

లింబొ బతికాడు.
ఎడమ చెవికి మాత్రం పిలుపు అందదు,
కుడి వైపు నుంచి వెళ్ళి పిలవాలి.
సుంబారి నాకు రాగి జావ ఇచ్చింది,
నేనెవరో ఆమెకి తెలీదు.
తాగాను.

గెడ్డ అవతల భామిని వైపు ఆంధ్రా.
మా పటం అక్కడ కత్తిరించినట్టు ఆగిపోతుంది.
వాళ్ళ పటం, ఉంటే, ఇటువైపు ఆగిపోతుంది.
చెవి దువ్వి, ఒక చుక్క నెత్తురు తీసుకుని
సంచి మూతి వదులు చేశాను.
ఒక్క క్షణం అది కదల్లేదు.
తరవాత రాళ్ళ మీదుగా, తడవకుండా,
అవతలికి పోయింది.
ఇసిరి చూస్తూ నిలబడ్డాడు.
"రాసుకో" అన్నాడు.