రెండు ముడుల పచ్చ

పాలమూరు క్లాక్ టవర్ పక్క సందుల
మందుల దుకాణం మీద రెండో అంతస్తు.
విమానదళం నుంచి రిటైరైన డాక్టర్ ఇఫ్తెకార్ సాబ్
నా పేరు రెండుసార్లు చదివిండు.
"జములమ్మ?"
ఔను సార్, గద్వాల.
"ఏం నడుపుతవ్ బేటీ?"
హెలికాప్టర్ సార్.
ఆ మాట నా నోట్లకెంచి బయటికొచ్చి
ఎక్కడ కూచోవాల్నో తెలువక
గదిల నిలబడే ఉంది.

ఎత్తు కొలిచిండు. బరువు తూచిండు.
రెక్కకు పట్టా చుట్టి గాలి కొట్టిండు.
సీసా చేతికిచ్చి బాత్రూం దిక్కు చూపిండు.
చెవులకు డిప్పలు పెట్టి
చీమ దగ్గినంత సప్పుడు వినబడ్డా చెయ్యెత్తమన్నడు.
ఐదు మగ్గాల సందున పెరిగిన చెవులు సార్,
దారం తెగితే నిద్దర్ల గూడ పట్టుకుంటయ్.
గుండె గీతలు కాయితం మీద
జరంత తొందరగ ఉరికినయ్.
"భయమా?"
లేదు సార్, మెట్లెక్కి వచ్చిన.
అబద్ధమే.

నాకు ఏడేండ్లప్పుడు
ఓట్ల సభకు హెలికాప్టర్ వచ్చి
మా వాడ చివర బడి మైదానంల దిగింది.
గంజి పెట్టి వీధి పొడుగునా సాగదీసిన పడుగు మీద
ఎర్రమన్నంతా వచ్చి కూచుంది.
నాలుగు చీరల నూలు.
దుమ్ము లేపినోన్ని దుమ్మెత్తి పోసింది
మా అమ్మ ఉరుకుందమ్మ, పొద్దుమూకేదాక.
నేనొక్కదాన్నే దానికి ఎదురు ఉరికిన,
పండ్ల నడుమ మన్ను కరకరలాడంగ నవ్వుకుంట.

ఆఖరుకు పుస్తకం తీసిండు.
పేజీ నిండ చుక్కలు,
చుక్కల నడుమ దాక్కున్న అంకె.
డెబ్బై నాలుగు. ఆరు. నలభై ఐదు.
ఆయన వేలు పేజీ మీంచి లేవకముందే చెప్పిన.
"ఇంట్ల ఎవరికన్న రంగులు కలగలుస్తయా?"

మా గడప దాటని మాట అది.
సావుకారికి తెలిస్తే పట్టు ఇయ్యడు.
మా నాయిన తిప్పన్నకు
మిరపపండూ చిలుకపచ్చా ఒక్కతీరే.
రాత్రిపూట అమ్మ కండెలు చుట్టి
కొసదారానికి ముడులు ఏసేది,
ఎరుపుకు ఒకటి, పచ్చకు రెండు.
తెల్లారి మగ్గం గుంటల కాళ్లు పెట్టినంక
నాయినకు బొటనవేలే చూసేది.
అట్ల నేసిన కుప్పడం అంచులు
ఎన్ని పెండ్లిపీటల మీద కూచున్నయో,
ఎవరూ ఒక్క వంక పెట్టలే.

ఉంది సార్. మా నాయినకు.
చెప్పి పెదవి కొరుక్కున్న.
ఇగ పోయింది అనుకున్న.

పెన్ను మూత తిప్పుకుంట అన్నడాయన:
"నీ కండ్లకు ఏం కాలే. కానీ నీల దాగి ఉంటది.
రేపు నీ కొడుకుల తేలొచ్చు."
నాకు కొత్త ముచ్చట కాదది.
చీర తిరగేసి చూసినోళ్లకు ఎరుకే,
కింద కిందనే పోయే దారం
ఎక్కడో ఒక పువ్వు కాడ పైకి లేస్తది.

"పైన ఉండంగ రేడియో చచ్చిపోయిందనుకో,
టవర్ మీంచి దీపం చూపిస్తరు.
ఎరుపైతే చుట్టు తిరుగు, పచ్చైతే దిగు."
దీపానికి ముడి ఏసే ఉరుకుందమ్మ
ఆ టవర్ల ఉండదు.

ఠప్పున ముద్ర పడ్డది.
పత్తిచేన్లకు డ్రోన్‌తోటి మందు కొట్టి
నేను కూడబెట్టిన పైసలు ఈ ముద్రదాకనే.
శిక్షణ ఫీజు కొండంత అట్లనే ఉంది.
ఈ కాయితం దానికి తొలిమెట్టు గూడ కాదు,
మెట్టు కోసం ఊడ్చి పెట్టుకున్న జాగ.

బస్టాండుల నిలబడి ఫోన్ చేసిన.
అవతల మగ్గం ఆగింది.
"అంకెలు కనబడ్డయా?"
అన్నీ కనబడ్డయ్ నాయినా.
"నాకైతే ఏం కనబడు?"
ఉత్త చుక్కలు.
కొద్దిసేపు ఏమనలే.
"పైకి పోయినంక ఉండేటియి గూడ
చుక్కలే గద బిడ్డా."

గద్వాల బస్సు వచ్చింది. కిటికీ సీటు దొరకలే.
ఫైలు నలగకుండ పొట్టకు ఆనిచ్చుకొని
డ్రైవర్ వెనక నిలబడ్డ,
ముందటి అద్దంలకెంచి తొవ్వ చూసుకుంట.