వంతు

నాయన చేతిలో ఎప్పుడూ ఒక ఇనప కమ్మి.
నా అంత ఎత్తు. పైన అడ్డంగా పిడి,
కింద నలుచదరంగా నోరు.
ఊరికంతా తాళంచెవి అదేననుకునేదాన్ని చిన్నప్పుడు.
పెద్దయినాక ఆ మాట మార్చుకునే పని పడలేదు.

మునిసిపాల్టీ జీతం బిల్లులో చెంగల్రాయులు,
ఊళ్ళో నీళ్ళాయన.
రేత్రి మూడుకే లేచి
సైకిలుకు కమ్మి కట్టుకుని పోయేవాడు.
సంతపేట, గ్రీంసుపేట, మిట్టూరు, కొంగారెడ్డిపల్లె...
రోడ్డు మధ్యలో మూత ఎత్తి, గుంతలోకి వంగి
ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధి కొళాయి దగ్గుతుందో
ఆయన మణికట్టుకు తెలుసు.
ముందు గాలి, తర్వాత తుప్పు, ఆ తర్వాతే నీళ్ళు.
"మనుషులూ అంతేమ్మే, రవ్వంత సేపు ఓర్చుకోవాల."

అమ్మకు మామిడికాయల కాలమంతా
గుజ్జు ఫ్యాక్టరీలో రేత్రి డ్యూటీ.
అందుకని నా జడ నాయనదే.
తుప్పు వాసనేసే వేళ్ళతో మూడు పాయలు తీసి,
వాల్వు బిగించినట్టు బిగించి,
"లూజుంటే కారిపోతుంది" అనేవాడు.
బళ్ళో అందరూ నవ్వేవాళ్ళు.
సాయంత్రం దాకా ఒక్క వెంట్రుకా జారేది కాదు.

నీవా ఏట్లో ఇసక తప్ప ఏమీ పారని ఏడు
పదకొండు దినాలకొకసారి వంతు.
మొగిలమ్మవ్వ ఖాళీ బిందె రోడ్డుకేసి కొట్టి
ఆయన వంశాన్నంతా తలుచుకుని తిట్టింది.
తలొంచుకుని విన్నాడు. ఇంటికొచ్చి
ఉప్పు చాల్లేదని అమ్మ మీద అరిచినాడు.
ఆ పొద్దు సంగటి ఎవురమూ తినలేదు.

లాడ్జి ఓనరు పంపిన మామిడిపండ్ల గంప
గడప దాటకుండానే వెనక్కి పోయింది.
నేను రెండు దినాలు ఆయనతో మాట్లాడలేదు.
మా వీధి పైపుకు కొసన వుండేది,
మాకొచ్చేసరికి దార నూలుపోగు.
"నీళ్ళాయన పెండ్లానికి బిందె నిండదు" అని అమ్మ అంటే
"కమ్మి నాది గానీ, నీళ్ళు నావా?"

ఆయన పొడుగు నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది.
తేదీ, వీధి, తెరిచింది, మూసింది.
అక్కడక్కడా ఎర్ర సిరా:
"గ్రీంసుపేటలో పెండ్లి. అడిగినారు. ఇవ్వలేదు."
"సంతపేటలో చావు. వంతు కాకపోయినా అరగంట.
కొంగారెడ్డిపల్లెకు బాకీ."
మరుసటి వరసలో, "బాకీ తీరింది."
పెండ్లికి ట్యాంకరు చెప్పుకోవచ్చు,
చావుకు ముందుగా ఎవురు చెప్పుకుంటారు అనేవాడు.

పోయిన గురువారం తెల్లారుజామున ఆయన పోయినాడు.
ఎప్పుడూ లేచే టయానికే.
ఇంట్లో ఒకటిన్నర బిందె. మా వంతు ఇంకా రెండు దినాలుంది.
ఆడోళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే
వాకిట్లో కొళాయి దగ్గింది.
గాలి.
తుప్పు.
ఆ తర్వాత, మా వీధిలో నేనెప్పుడూ చూడనంత లావు దార.

మలుపు దగ్గర ఏకాంబరం నిలబడున్నాడు,
నాయన దగ్గర పని నేర్చుకున్న పిల్లోడు,
ఇప్పుడు వాడికీ నెరిసింది.
కమ్మిని గోడకానించి, ఇటు చూడకుండా.
నేనూ పలకరించలేదు.
ఆ నీళ్ళతోనే నాయనకు తానం పోసినాము.
చేతుల తుప్పు మాత్రం పోలేదు. గట్టిగా రుద్దొద్దనింది అమ్మ.

నిన్న రేత్రి నోటుబుక్కు తీసి చూసినాను.
ఆ గురువారం తెల్లారి నాలుగు నుంచి ఐదు, మిట్టూరు.
అక్కడ ఏ ఇంట్లో ఎవురు
ఖాళీ బిందె పెట్టుకుని కొళాయి కింద కూర్చున్నారో.

ఆయన రాసే తీరులోనే రాసినాను:
"మా వీధిలో చావు. వంతు కాకపోయినా అరగంట.
మిట్టూరుకు బాకీ."

కింద వరస ఖాళీగా వుంది.
అది రాయాలంటే కమ్మి కావాల.